ఎవడి కుందేలు వాడిదే

మా హాస్టల్లో తెగని తగువులు రెండుండేవి. సాంబారులో ముల్లంగి వెయ్యొచ్చా కూడదా అన్నది ఒకటి. మధ్యలో ఒక్కటి కూడా చెడకుండా వరసపెట్టి మంచి ఆల్బమ్‌లు ఇచ్చిన రాక్ బ్యాండు ఏది అన్నది రెండోది. మెస్ కాంట్రాక్టరు మారేసరికి ముల్లంగి సంగతి దానంతటదే తీరిపోయింది. రెండోది యాభై ఏళ్ళు దాటినా అలాగే ఉంది.

ఇలా మంట దగ్గరికి జరిగి కూర్చో, చెబుతాను. ఆ కొబ్బరి డొక్క కాస్త లోపలికి తొయ్యి, పొగ రాకుండా ఉంటుంది. నీకేం తొందర లేదుగా? ఉన్నా చేసేదేం లేదులే. కరెంటు వచ్చేదాకా నీ ఫోను ఎలాగూ లేవదు.

1974-75 నాటి మాట. వాల్తేరులో చదువు. టీ పావలా. సాయంత్రం బీచికి నడిస్తే మురీ మిక్చరు పొట్లం ఇంకో పావలా, నిమ్మకాయ పిండి ఉల్లిపాయ ముక్కలు ఎక్కువెయ్యమని బతిమాలడం ఉచితం. రేడియోకి లైసెన్సు ఉండేది తెలుసా? ఏడాదికి పదిహేను రూపాయలు పోస్టాఫీసులో కట్టి, పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. నవ్వకు. పాట వినడానికి సర్కారుకి కప్పం కట్టిన తరం మాది. కట్టని వాళ్ళూ ఉండేవారు. వాళ్ళ పేర్లు ఇప్పుడెందుకు, అందరూ మనవలున్నవాళ్ళు.

ఎల్పీ రికార్డు కొనాలంటే నలభై, యాభై రూపాయలు కావాలి. ఇంటినుంచి వచ్చే మనియార్డరులో మెస్ బిల్లు పోగా సబ్బుకీ నూనెకీ మిగిలితే గొప్ప. అందుకని నలుగురైదుగురం చందాలు వేసుకుని కొనేవాళ్ళం. కలకత్తా దగ్గర దమ్ దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళ ఫ్యాక్టరీ ఉండేది. బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ అక్కడ అచ్చయి మన కొట్లకి వచ్చేవి. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ముందు వచ్చినది ముందు వినాలన్న నియమం ఎక్కడిది? మేము 'అబ్బే రోడ్' ముందు విని, ఏడాది తరవాత 'రబ్బర్ సోల్' విన్నాం. ఒకటి 1969ది, ఒకటి 1965ది. కొడుకుని ముందు చూసి తండ్రిని తరవాత చూశామన్నమాట. మాలో కాకినాడవాడి మేనమామ సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఆయన సింగపూరు నుంచి తెస్తే తప్ప కొన్ని మనకి దక్కేవి కావు. ఆయన ఓడ ఎప్పుడొస్తుందో మాకు తెలిసినంత ఇదిగా వాళ్ళత్తయ్యకి కూడా తెలిసేది కాదు.

ప్లేయరు ఫియస్టా. మూత తీస్తే ఆ మూతే స్పీకరు. సూది అరిగిపోయి గాడి తప్పుతుంటే దాని నెత్తిన ఒక పైసా బిళ్ళ పెట్టేవాళ్ళం. ఒక్కో రికార్డుకి ఒక్కో బరువు. బీటిల్స్‌కి అల్యూమినియం రెండు పైసలు సరిపోయేవి, లెడ్ జెప్పెలిన్‌కి ఐదు పైసల బిళ్ళ కావాల్సొచ్చేది. అది పెడితే రికార్డు త్వరగా అరుగుతుందని తెలుసు. అయినా పెట్టేవాళ్ళం. ఆకలి రుచి ఎరగదు కదా.

ఇంక తగువు. బెజవాడవాడిది బీటిల్స్ పక్షం. కాకినాడవాడిది లెడ్ జెప్పెలిన్. పార్వతీపురంవాడు మితభాషి, బ్లాక్ సబ్బత్ తప్ప వేరే మాట లేదు. మా పై బ్యాచిలో పొడుగు జుట్టాయన ఒకాయన పింక్ ఫ్లాయిడ్ అనేవాడు. నాది రోలింగ్ స్టోన్స్. మెస్‌లో వడ్డించే పెద్దాయన మా గోల రోజూ వినీ వినీ, ఒక రాత్రి మజ్జిగ పోస్తూ అడిగాడు: "బాబూ, ఈ కొట్లాట విన్న పాటల గురించా, వినని పాటల గురించా?"

ఎవడూ నోరెత్తలేదు. ఎందుకంటే 'లెట్ ఇట్ బ్లీడ్' మొత్తం మందలో విన్నది నేనొక్కణ్ణే, అదీ ఒక పక్కే. రెండో పక్క తిప్పేలోగా కరెంటు పోయింది. ఆ ఒక్క పక్కని పట్టుకుని ఆర్నెల్లు వాదించుకున్నాం. మిగతాదంతా కలకత్తా నుంచి వచ్చే 'జె.ఎస్.' పత్రిక పాత సంచికలు, అర్ధరాత్రి షార్ట్‌వేవ్‌లో ఈదుతూ మునుగుతూ వచ్చే బీబీసీ.

బెజవాడవాడి వాదన బలమైనదే. 'రబ్బర్ సోల్' 1965 డిసెంబరు. 'రివాల్వర్' 1966 ఆగస్టు. 'సార్జెంట్ పెప్పర్' 1967. తెల్ల అట్ట జంట రికార్డు 1968. 'అబ్బే రోడ్' 1969. నాలుగేళ్ళలో ఇంత పని చేసినవాణ్ణి ఇంకొకణ్ణి చూపించమనేవాడు. చూపించలేం. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నట్టు మధ్యలో 'ఎల్లో సబ్‌మెరీన్' ఒకటి ఉంది చూడు, 1969 జనవరిది. బొమ్మల సినిమా కోసం తెచ్చిన రికార్డు. అందులో బీటిల్స్ పాటలు ఆరు, వాటిలో కొత్తవి నాలుగే. రెండో పక్కంతా వాళ్ళ ప్రొడ్యూసరు జార్జ్ మార్టిన్ వాయిద్య సంగీతం. "అది ఆల్బమ్ కాదు, సినిమా సరుకు" అని బెజవాడవాడు తోసేసేవాడు. "కాకపోతే లెక్కలో ఎందుకుంది?" అని కాకినాడవాడు. అలా మొదలైతే వార్డెను వచ్చి లైట్లు ఆర్పించేదాకా.

ఇంకో చిక్కుంది విను. ఇంగ్లండులో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్‌లు అమెరికాలో అలాగే రాలేదు. అక్కడి క్యాపిటల్ కంపెనీ వాళ్ళు పాటలు కోసి, ఇటువి అటు పెట్టి, రెండింటిని మూడు చేసి అమ్ముకున్నారు. అమెరికాలో 'రబ్బర్ సోల్'కీ 'రివాల్వర్'కీ నడుమ 'ఎస్టర్‌డే అండ్ టుడే' అని ఇంకో రికార్డు దూరింది, 1966 జూన్‌లో. 'రివాల్వర్'లో ఉండాల్సిన లెనన్ పాటలు మూడు దాంట్లోకి పోయాయి. 'మేజికల్ మిస్టరీ టూర్' ఇంగ్లండులో ఆరు పాటల చిన్న రికార్డుల జత, అమెరికాలో నిండు ఎల్పీ. అంటే ఏ దేశంలో కూర్చుని లెక్కపెడితే ఆ దేశపు వరస! మనకి దమ్ దమ్‌లో ఎక్కువగా ఇంగ్లండు లెక్క ప్రకారమే వచ్చేవి కాబట్టి బెజవాడవాడు గట్టెక్కాడు. వాడే చికాగోలో పుట్టి ఉంటే ఏమనేవాడో.

'లెట్ ఇట్ బీ' సంగతి సరేసరి. రికార్డింగు చాలావరకు 1969 జనవరిలో, 'అబ్బే రోడ్' కంటే ముందు. విడుదల 1970 మేలో, దాని తరవాత. పుట్టినరోజు చూడాలా, బారసాల చూడాలా? బెజవాడవాడు దీని మీద ఒక నోటు పుస్తకమే పెట్టాడు. థెర్మోడైనమిక్స్‌కి అంత శ్రద్ధ పెట్టి ఉంటే ఆ ఏడు గట్టెక్కేవాడు.

కాకినాడవాడు మొదటిదాని నుంచి లెక్కపెట్టమనేవాడు. లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బమ్ 1969 జనవరి, ఆరోది 'ఫిజికల్ గ్రాఫిటీ' 1975 ఫిబ్రవరి. ఆరేళ్ళలో ఆరు, ఆరోది జంట రికార్డు. "ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కోనక్కర్లేదు, పుట్టిందగ్గర్నుంచీ" అనేవాడు. మూడోదాంట్లో మాత్రం మా అందరికీ పట్టు దొరికేది. వేల్స్ కొండల్లో కరెంటు లేని ఒక కుటీరంలో కూర్చుని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ కట్టిన పాటలు చాలా అందులో ఉన్నాయి. గిటారు హోరుకి అలవాటుపడ్డ విలేఖరులు ఈ మెత్తటి పాటలు విని పెదవి విరిచారు. బ్యాండు వాళ్ళకి ఎంత ఒళ్ళు మండిందంటే, నాలుగోదానికి అట్ట మీద బ్యాండు పేరూ వెయ్యలేదు, ఆల్బమ్‌కి పేరూ పెట్టలేదు. వీపున కట్టెలమోపుతో వంగిపోయిన ముసలాయన బొమ్మ ఒకటి వేసి ఊరుకున్నారు. పేరు లేని రికార్డు కొట్లో ఏమని అడగాలి? "కట్టెల తాత ఉన్నాడా?" అని అడిగేవాడు కాకినాడవాడు. కొట్టాయనకి అర్థమయ్యేది కూడా.

పేజ్, ప్లాంట్ ఇద్దరూ 1972లో బొంబాయి వచ్చి ఇక్కడి వాయిద్యకారులతో రెండు పాటలు రికార్డు చేశారు. అది బయటికొచ్చేసరికి 2015. అప్పుడు కాకినాడవాడు అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి, "మన దేశం వచ్చి వెళ్ళారురా, మనకే తెలీలేదు" అని బాధపడ్డాడు. తెలిస్తే ఏం చేసేవాడు, రైలు టిక్కెట్టుకి నా దగ్గరే అప్పడిగేవాడు.

పార్వతీపురంవాడి బ్లాక్ సబ్బత్‌ని మేమెవరమూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడనిపిస్తుంది, నవ్విన నాపచేనే పండిందని. బర్మింగ్‌హామ్ కూలి ఇళ్ళ కుర్రాళ్ళు. గిటారు వాయించే టోనీ ఐయోమీ పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో చివరి రోజు డ్యూటీకి వెళ్ళాడు. మర్నాటినుంచి మానేసి పాటలకి పోవాలని. ఆ రోజే యంత్రం కింద కుడిచేతి రెండువేళ్ళ కొసలు తెగాయి. అతను ఎడమచేతివాటం, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ఇంకొకడైతే నుదుటి రాత అనుకుని ఊరుకునేవాడు. ఇతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికొసలకి తొడుగులు చేసుకున్నాడు. మూడో ఆల్బమ్‌కొచ్చేసరికి తీగల బిగింపు సడలించి శ్రుతి కిందికి దించాడు, వేళ్ళకి నొప్పి తక్కువని. ఆ బరువైన కింది శ్రుతి మీదే తరవాత హెవీ మెటల్ అనే కులం అంతా బతికింది. తొలి ఆల్బమ్ ఒక్క రోజులో రికార్డు చేశారు. 1970 ఫిబ్రవరిలో అది, సెప్టెంబరులో 'పారనాయిడ్', 1975లో 'సబోటాజ్'తో ఆరు. లెడ్ జెప్పెలిన్‌కీ ఆరే, వీళ్ళకీ ఆరే. "మరి సమానం కదా?" అని పార్వతీపురంవాడు అడిగితే, మేము ముగ్గురం ఒకేసారి "అదెలా సమానం" అనేవాళ్ళం. ఎలా కాదో మాత్రం ఎవరమూ చెప్పేవాళ్ళం కాదు.

అసలు అప్పట్లో వరస ఎలా సాధ్యమైందో తెలుసా? తీరిక లేక. కంపెనీ వాళ్ళు మెడ మీద కూర్చుని ఏడాదికి రెండు ఇమ్మనేవారు. అమెరికాలో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వాళ్ళు 1969 ఒక్క ఏడాదిలోనే మూడు ఎల్పీలు తెచ్చారు, జనవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి, ఏడాది చివర్లో ఒకటి. మూడూ బాగుంటాయి. ఊపులో ఉన్నవాడికి చెయ్యి తిప్పుకోడానికి కూడా వ్యవధి ఇవ్వకపోతే ఆ ఊపు రికార్డులోకి ఎక్కేస్తుంది. ఇప్పుడు ఒక్కో ఆల్బమ్‌కి నాలుగైదేళ్ళు. నాలుగు వరసగా కొట్టాలంటే ఇరవై ఏళ్ళు పడుతుంది. ఇరవై ఏళ్ళు ఏ మనిషి ఒక్కలాగే ఉంటాడు? పెళ్ళిళ్ళవుతాయి, విడాకులవుతాయి, మోకాళ్ళు పోతాయి.

ఒక్కడే పాడేవాణ్ణి లెక్కలోకి తీసుకుంటే స్టీవీ వండర్ ముందు వీళ్ళంతా దిగదుడుపే. 1974లో 'ఇన్నర్‌విజన్స్'కి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ, 1975లో దాని తరవాతదానికి గ్రామీ. 1976లో పాల్ సైమన్‌కి వచ్చింది. వేదికెక్కి, ఈ ఏడు ఆల్బమ్ తేనందుకు స్టీవీ వండర్‌కి కృతజ్ఞతలు చెప్పాడు పాల్ సైమన్! 1977లో మళ్ళీ స్టీవీకే. ఓటమి ఎరగనివాడి దగ్గర గెలిచినవాడి మర్యాద చూడు. సరే, మన తగువు బ్యాండుల గురించి కదా. ఎక్కడున్నాం?

ఆఁ, పొడుగు జుట్టాయన. 'మెడిల్' 1971, 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973, 'విష్ యూ వర్ హియర్' 1975. అప్పటికి మూడే ఉన్నాయి. అయినా ఆయన ధీమా ఆయనది. 'డార్క్ సైడ్' ఒక్కటే 1988 దాకా అమెరికా బిల్‌బోర్డు రెండొందల జాబితాలో 741 వారాలు నిలిచింది. మధ్యలో 1972లో ఒక ఫ్రెంచి సినిమాకి చేసిన 'అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్' ఉందని గుర్తు చేస్తే, "అది సినిమా సరుకు" అనేవాడు. అప్పుడు బెజవాడవాడు లేచి ఆయనతో చేతులు కలిపేవాడు. సినిమా సరుకు చెల్లదని ఇద్దరూ ఒప్పందం రాసుకున్నారు. తరవాత ఆయన ఉద్యోగానికి దూరం వెళ్ళాడు. 1977లో 'యానిమల్స్' వచ్చాక ఇన్లాండు కవరు మీద నాకు రాశాడు. "నాలుగు" అని ఒకే మాట. అడుగున ఒక పంది బొమ్మ. ఆ రికార్డు అట్ట కోసం లండన్‌లో బాటర్‌సీ విద్యుత్ కేంద్రం మీద హీలియం నింపిన పెద్ద పందిని ఎగరేస్తే, అది 1976 డిసెంబరులో తాడు తెంచుకుని విమానాల దారిలోకి పోయి, చివరికి కెంట్‌లో ఒక రైతు పొలంలో వాలింది. రైతు ఏమన్నాడో గానీ, మన ఊళ్ళో అయితే బందెలదొడ్డిలో పెట్టించి రుసుము కట్టించుకునేవాళ్ళు.

ఇంక నాది. ఒప్పుకుంటాను, నాది నాలుగే. 'బెగర్స్ బాంక్వెట్' 1968 డిసెంబరు, 'లెట్ ఇట్ బ్లీడ్' 1969 డిసెంబరు, 'స్టికీ ఫింగర్స్' 1971 ఏప్రిల్, 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' 1972 మే. అమెరికాకి వేరు, ఇంగ్లండుకి వేరు అన్న గొడవ లేదు. సినిమా సరుకు లేదు. 1967లో బీటిల్స్‌ని చూసి వాత పెట్టుకున్నట్టు ఒక ఆల్బమ్ చేసి నవ్వులపాలై, మళ్ళీ తమ పాత బ్లూస్ దారికే వచ్చి మొదలెట్టిన వరస ఇది. మధ్యలో బ్యాండు కట్టినవాడే, బ్రయన్ జోన్స్, 1969 జులైలో ఈతకొలనులో పోయాడు. ఇంటి మీదికి ఇన్ని వస్తుంటే ఇంత పని చెయ్యడం, అదీ నాకు నచ్చింది.

'స్టికీ ఫింగర్స్' మేనమామ గారి పెట్టెలోంచి వచ్చింది. అట్ట మీద జీన్స్ ప్యాంటు బొమ్మ, దానికి నిజం జిప్పు. ఆండీ వార్హోల్ ఆలోచన. వచ్చినవాడల్లా దాన్ని కిందికీ పైకీ లాగడమే, పాట వినేవాడు లేడు. ఆ జిప్పు వల్ల అమెరికాలో వాళ్ళకి పెద్ద చిక్కే వచ్చింది. పెట్టెల్లో ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి పైదాని జిప్పు కిందిదాన్ని నొక్కి రికార్డు చెడగొట్టింది. చివరికి ఎవరికో బుద్ధి పుట్టి, పంపేముందు జిప్పు సగానికి లాగి ఉంచారు. అప్పుడు నొక్కు పడినా మధ్య కాగితం మీద పడుతుంది, పాట మీద పడదు. వాళ్ళ నాలుక గుర్తు కూడా ఆ రికార్డుతోనే బయటికొచ్చింది. గీసినవాడు చదువుకునే కుర్రాడు, పేరు జాన్ పాష్, ముందిచ్చింది యాభై పౌండ్లు. ఇప్పుడు ఆ నాలుక లేని టీ షర్టు ఉందా నీ అలమరాలో?

ఆ రికార్డుని మేము తొంభై నిమిషాల క్యాసెట్టు మీదికి ఎక్కించుకున్నాం. ఒక్కో పక్క నలభై ఐదు నిమిషాలు. రికార్డేమో నలభై ఆరు పైచిలుకు. ఆఖరి పాట 'మూన్‌లైట్ మైల్' ముగియకుండానే టేపు అయిపోయి మీట టక్కున లేచేది. ఆ పాట అక్కడితోనే అయిపోతుందని చాలా ఏళ్ళు నమ్మాం. అదే దాని అందమని కాకినాడవాడు వ్యాఖ్యానం కూడా చెప్పాడు.

'ఎగ్జైల్' సంగతి వింటే నీకు నవ్వొస్తుంది. ఇంగ్లండులో పన్నులు కట్టలేక స్టోన్స్ వాళ్ళు దేశం వదిలి ఫ్రాన్స్ సముద్రతీరంలో చేరారు. కీత్ రిచర్డ్స్ అద్దెకి తీసుకున్న బంగళా నేలమాళిగలో రికార్డింగు. బయట లారీలో యంత్రాలు, లోపల ఉక్కపోత, గిటార్లు గంటకోసారి శ్రుతి తప్పడం. ఎవరు ఎప్పుడొస్తారో, ఎవరు ఎప్పుడు లేస్తారో దిక్కులేదు. అందులోంచి పద్దెనిమిది పాటల జంట రికార్డు తేలింది. మొదటిసారి వింటే గోలగా ఉంటుంది. నాలుగోసారికి వదలదు.

మొన్న సంక్రాంతికి కాకినాడవాడు ఫోన్ చేశాడు. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాడు, బైపాస్ అయింది, గొంతు తగ్గింది గానీ వాదన తగ్గలేదు. "మరి 1970లో మధ్యలో వచ్చిన లైవ్ ఆల్బమ్ ఎక్కడ దాచావురా?" అన్నాడు. కచేరీ రికార్డు లెక్కలోకి రాదన్నాను. "ఎవరు చెప్పారు?" అన్నాడు. నేనే చెప్పాను. "సినిమా సరుకు వద్దన్నవాళ్ళని వెక్కిరించి నువ్వు కచేరీ సరుకు వద్దంటావా?" అని అరగంట దులిపాడు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఊరికే అనలేదు. కుందేలు సంగతి దేవుడెరుగు, కాళ్ళు ఎలా లెక్కపెట్టాలో కూడా మేమే రాసుకున్నాం. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని మీ మామ్మ వంటింట్లోంచి కేకేసింది.

ఇంతకీ ఇందాకటినుంచి నోట్లో ఏదో నములుతున్నావు, బయటపెట్టు. రేడియోహెడ్డా? 'ద బెండ్స్' 1995, 'ఓకే కంప్యూటర్' 1997, 'కిడ్ ఏ' 2000, 'ఆమ్నీసియాక్' 2001. నాలుగు. బాగానే ఉంది, నేనూ విన్నాను. కానీ ఆ చివరి రెండూ ఒకే విడత రికార్డింగులోంచి తీసి విడివిడిగా అమ్మినవి కదా? మరి అవి రెండా, ఒకటా? ముందు అది తేల్చి చెప్పు.